సత్యప్రియ ఎక్కితే తగ్గే మైలేజీ

సత్యప్రియది కుళ్ళుబోతు మనసు. ఆ మాట వీధిలోవాళ్ళు చాటుగా అంటారు, ఆమె మాత్రం నవ్వుతూ పైకే ఒప్పుకుంటుంది. పెళ్ళయిన కొత్తలో సెంథిల్‌కుమార్ ఒక తెల్ల రాజపాళయం కుక్కను పెంచుకునేవాడు. మిల్లు నుంచి రాగానే ముందు కుక్క తల నిమిరి, ఆ తరవాత పెళ్ళాం మొహం చూసేవాడు. ఏడాది తిరక్కముందే ఆ కుక్క చోళపురంలో ఎవరి మామిడితోటకో కాపలాకు వెళ్ళిపోయింది. "కుక్కతో కూడా పోటీయా!" అని అత్త గురువమ్మాళ్ బుగ్గలు నొక్కుకుంది. పోటీయే మరి. మొగుడి చూపు ముందు ఎవరి మీద పడాలన్న దగ్గర సత్యప్రియ రాజీపడే మనిషి కాదు.

అలాంటి ఇంటికి సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కారు వచ్చింది.

బ్రోకరు తంగవేల్ కోయంబత్తూరు నుంచి తెప్పించిన కారు అది. బూడిదరంగు, లోపల సీట్లకు ఇంకా కొత్త వాసన పోలేదు. అందులో పెట్రోలు ఇంజనూ, బ్యాటరీ మోటారూ రెండూ ఉంటాయి. మెల్లగా పోయేటప్పుడు బ్యాటరీ మీదే పోతుంది, చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా ఉండదు. బ్రేకు తొక్కినప్పుడల్లా తన ఛార్జి తనే నింపుకుంటుంది. ఈ సంగతులన్నీ సెంథిల్ టీ కొట్టు మొదలు మిల్లు గేటు దాకా కనబడ్డవాడికల్లా చెప్పాడు. పెళ్ళి సంగతి కూడా అంత సంబరంగా ఎవరికీ చెప్పలేదని సత్యప్రియకు మొదటిరోజే కడుపులో చిన్న మంట.

కారు ఇంటికొచ్చిన సాయంత్రం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. సత్యప్రియ ఎర్రనీళ్ళ పళ్ళెంలో కర్పూరం వెలిగించి హారతి పట్టింది. గురువమ్మాళ్‌కు ఆ వేళ సరసం పొంగుకొచ్చింది. కొత్త దంపతులను గడప ముందర ఆపి, పేర్లు చెప్పించి లోపలికి రానిచ్చే వాడుక తమిళనాట స్థిరపడిన ఆ తెలుగు ఇళ్ళల్లో తాతల నాటి నుంచీ ఉంది. ఆమె గేటుకు అడ్డంగా చెయ్యి చాపింది.

"కొత్త పెండ్లికూతురు మాదిరి తళతళ అంటా ఉండాదే! పేర్లు చెప్పినాకే లోపలికి విడుస్తాను డా."

స్టీరింగ్ ముందున్న సెంథిల్ కూడా ఆటలో దిగాడు. కారుకేం పేరుంటుంది? కాగితాలు ఇంకా అతని పేరుకు మారలేదు. ఆర్‌సీ బుక్కులో పొద్దుటి నుంచీ చూస్తున్న పాత ఓనరు పేరే నోటికొచ్చింది.

"శివరంజనీ, సెంథిల్‌కుమారూ వచ్చినాము!"

ఎవరో పరాయి ఆడదాని పేరు తన మొగుడి పేరు పక్కన, తన గేటు ముందర! అత్త మోచేత్తో పొడిచింది. "పేరు చెప్పినారు గదే. పిలువు, ఇంటి ఆడది పిలవాల." ఏం చేస్తుంది? పళ్ళు బిగబట్టుకొని, "రండి, లోపలికి రండి" అంది. అడుగు చప్పుడైనా లేకుండా కారు ఆమెను దాటుకొని లోపలికొచ్చింది.

మైలేజీ గొడవ ఆ వారంలోనే మొదలైంది.

సెంథిల్ ఒక్కడే తళవాయిపురం వెళ్ళొస్తే లీటరుకు ఇరవై ఆరు కిలోమీటర్లు. స్టీరింగ్ పక్కన తెరమీద అంకె చూపించి మురిసిపోయేవాడు. సత్యప్రియ పక్కన కూర్చుంటే మాత్రం గేటు దాటకముందే ఇంజను గుర్రుమని లేచేది. బజారు వీధిలో నడకంత నిదానంగా పోతున్నా ఆగేది కాదు. పదహారు, పన్నెండు, తొమ్మిది... అంకె మెట్లు దిగినట్టు దిగేది. ఆమె దిగిపోతే చాలు, కారు నోరు మూసుకునేది.

"ఏసీ జాస్తిగా పెడతావు సత్యా, దానికే."

ఏసీ ఆపేసి, చెమటలు కక్కుతూ కూర్చుంది. అంకె లేవలేదు. అత్తను ఎక్కించి తాను ఇంట్లో ఉండి చూసింది. అత్తతో ఇరవై నాలుగు ఇచ్చింది కారు మహాతల్లి.

మొదట అది ఇంట్లో వేళాకోళం. తరవాత సెంథిల్ మాట మెల్లగా మారింది. "నేను మట్టుకు పోయొస్తానే, పెట్రోలు దండగ." ఒకసారి, రెండుసార్లు... ఆదివారాలు ఆమె గుమ్మంలో, అతను కారులో. పక్క సీటు తనది. ఆ సీటులోంచి తనను గెంటేస్తున్నారు. మొగుడు కాదు, ఆ కారు. ఈ మాట ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారు. రాత్రి పక్కన పడుకున్న మొగుడి చొక్కా వాసన చూస్తే, తనెప్పుడూ కొనని ఏదో అత్తరు వాసన సన్నగా తగిలేది. కుళ్ళుకుంది, ఏడ్చింది, చివరికి తంగవేల్‌కు ఫోను చేసింది.

"శివరంజని ఎవరు అన్నా? నిజం చెప్పు."

అవతల తంగవేల్ గొంతు తగ్గించాడు.

"ఆమె లేదు మ్మా. చచ్చిపోయినాది. వాళ్ళాయనకు వేరే ఆమెతో దొంగచాటు తొడర్పు. ఆయన వెనకాలే పోయి చూసేదానికి సద్దు లేని కారు వండి కావాలని అడిగి కొనినాదంట. ఒక రాత్రి ఆ రెండో ఆమె ఇంటి ముందర వండి నిలిపి కాచుకొని ఉండాది. వండి లోపలే గుండె నిలిచిపోయినాది. బ్యాటరీ తగ్గినప్పుడల్లా ఇంజను దానంతటదే లేచి, నిలిచి, లేచి, నిలిచి... పెట్రోలు అయిపోయేదాకా. తెల్లారినాకే చూసినారు."

సత్యప్రియకు జాలి కలగాల్సింది. కలగలేదు. తన మొగుణ్ణి కాపాడుకోలేకపోయిన మనిషి నా మొగుడి మీద పడిందా అని ఒళ్ళు మండింది.

ఆదివారం సేత్తూరులో పిన్నమ్మ మనవరాలికి చెవులు కుట్టించారు. నేనూ వస్తానని పట్టుబట్టి ముందు సీట్లో కూర్చుంది. తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. కొండల మీద మబ్బు కమ్ముకొని, తోటలమీదికి చీకటి ముందే దిగింది. తడిమట్టి వాసన. గాలికి కొబ్బరి మట్టలు ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు. ఇంజను గుర్రుమంటూనే ఉంది.

తెరమీద తొమ్మిది. ఏడు. నాలుగు.

సెంథిల్ కళ్ళు రోడ్డు మీద లేవు, అద్దంలో ఉన్నాయి. వెనక సీటు కనబడే అద్దంలో. అత్తరు వాసన గుప్పుమంది.

ఆమె ముందుకు వంగి, ఆ తెరకు నోరు ఆనించినంత దగ్గరగా గుసగుసలాడింది.

"ఆయన నా మొగుడు. నువ్వు దిగిపో."

ఇంజను ఆగిపోయింది.

కారు ఆగిపోయింది. చుట్టూ చీకటి... ఒక్క చినుకు అద్దం మీద పడింది. తెరమీద టైరు బొమ్మ ఎర్రగా మెరిసింది.

"వెనక టైరులో గాలి తగ్గినట్టుండాది. కొంచెం దిగి చూడవే" అన్నాడు సెంథిల్. నిద్రలో మాట్లాడినట్టుంది గొంతు.

ఆమె దిగింది. చేతిసంచీ, ఫోనూ సీటు మీదే. వంగి చూసింది. టైరు నిండుగానే ఉంది. తల ఎత్తేలోపల తలుపు మెత్తగా మూసుకుంది.

"మామా!" అని మొగుణ్ణి కేకేసింది.

కారు కదిలింది. చప్పుడు లేదు. అసలు చప్పుడే లేదు... టైర్ల కింద రాళ్ళు నలిగిన చప్పుడు కూడా. వెనకలైట్ల ఎర్ర వెలుగులో వెనక అద్దం ఒక్క క్షణం స్పష్టంగా కనబడింది. ముందు సీట్లో రెండు తలలు. ఒకటి రెండోదాని భుజం మీద వాలి ఉంది.

ఆమె పరిగెత్తింది. అరిచింది. వాన కమ్మేసింది.

సేత్తూరు నుంచి వచ్చిన టౌను బస్సు చెయ్యెత్తితే ఆగింది. ఆడవాళ్ళకు టికెట్టు లేని బస్సు కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. నీళ్ళు కారుతూ మెట్టు దగ్గరే నిలబడింది. భయం కంటే ముందు ఆమెలో కోపమే ఉంది. ఇంటికి పోయి, ఆ కారును ఈ రాత్రే వీధిలోకి తోయించాలి. మొగుణ్ణి కూర్చోబెట్టి అడగాలి. ఏడవాలి. అతను తల నిమరాలి.

ఇంటి ముందు కారు ఉంది. లోపల లైటు వెలుగుతోంది. చారు పోపు వాసన, సెంథిల్ నవ్వు. ఎన్నాళ్ళయింది అతను అలా నవ్వి!

తలుపు తట్టింది. గురువమ్మాళ్ తీసింది. కోడల్ని చూసి కొయ్యబారింది. కింది నుంచి పైకి చూసింది, పైనుంచి కిందికి చూసింది. తలుపు కొంచెం దగ్గరికి లాక్కొని, ఊపిరి తప్ప గొంతు లేని మాటతో అడిగింది.

"సత్యా... ఇప్పుడే గదే నీకు అన్నం పెట్టి వచ్చినాను?"

"అత్తా, నేను ఇక్కడుండాను. ఆయన నన్ను రోడ్డు మీద..."

లోపలి నుంచి ఒక గొంతు పలికింది. సత్యప్రియ గొంతే. అదే సాగదీత, అదే గారం. ఆ వేళ గేటు ముందర తానే నోటితో లోపలికి పిలిచిన శివరంజని.

"ఎవురు అత్తా వచ్చింది?"

గురువమ్మాళ్ వెనక్కి తిరిగి చూసింది. మళ్ళీ ఇటు చూసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సత్యప్రియ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. ఆ చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది.

"ఎవురూ లేదు మ్మా" అంది గురువమ్మాళ్ లోపలికి చూసి.

తలుపు మూసి, గడియ వేసింది.