కుదరని గేరు గుండు

“ఈసారేటి బాబూ?” అంది నూకరత్నం, తల ఎత్తకుండానే.

చోడవరంలో కర్రని తిప్పుతూ బొమ్మలు చెక్కే వాళ్ళ తరిమెన పాకకి వచ్చి, గుమ్మంలో నిలబడి, గొంతు సవరించుకుని కూడా మాట్లాడని మనిషి ఒక్కడే. పరదేశి. తెల్లచొక్కా, జేబులో కలం, చేతిలో గుడ్డలో చుట్టిన గేరు గుండు.

“కొంచెం... ఎత్తుగా ఉందండి,” అన్నాడు.

“మొన్న పొట్టిగా ఉందన్నావు.”

“అది మొన్నటి గుండండి.”

“దానికి ముందు సేతిలో జారిపోతందన్నావు. ఒలమ్మా, కారుకి గుండా, దేవుడికి కిరీటమా?”

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. మంచం కోళ్ళనండి, పిల్లల బొమ్మలనండి, వాళ్ళ నాన్న దాసు చేసిన వస్తువు తిరిగి వచ్చిందన్న మాట లేదు. ఈ గుండు ఒక్కటే, అత్తగారితో పడని కోడలు పుట్టింటికి వచ్చినట్టు మాటిమాటికీ వచ్చేస్తోంది.

ఇదంతా ఎండాకాలంలో మొదలైంది. బెల్లం వ్యాపారి పెదబాబు గారు, విశాఖపట్నం విడిచి వెళ్ళిపోతున్న ఓ దొర దగ్గర ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నారు. రెండే సీట్లు, పైన కప్పు లేదు. గేరు రాడ్డు మీద ఉండవలసిన గుండు మాత్రం పగిలిపోయింది. ఊళ్ళో ఇంత లక్కపని ఉండగా బొంబాయికి రాయడమెందుకని తన గుమస్తా పరదేశిని దాసు దగ్గరికి పంపారు.

దాసు అంకుడు కర్రతో నిమ్మపండంత గుండు తీసి, ఎర్రలక్క పట్టించి, బొమ్మబండికి చక్రం అతికించినట్టు వేడి లక్కతోనే రాడ్డుకి అతికించేశాడు. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. వడ్రంగి కొడుకైన పరదేశికీ తోచలేదు. అనకాపల్లి ఎండలో కారు ఆగింది, లక్క మెత్తబడింది. పెదబాబు గారు ఎవరో పెద్దమనిషికి నమస్కారం పెట్టబోతే గుండు అరచేతికి అంటుకుని వచ్చేసింది.

ఆ తప్పు మాత్రం నూకరత్నం ఒప్పుకుంది. ఆ తరవాత లక్క జోలికి పోకుండా, కర్రనే మొగలి ఆకుతో నునుపు చేసి, లోపల ఇత్తడి నట్టు దిగేసి ఇచ్చారు. రాడ్డు చివరనున్న మరల మీద తిప్పితే బిర్రుగా కూర్చుంది. అక్కడితో అయిపోవాలి. కాలేదు.

వచ్చినప్పుడల్లా పరదేశి గుండు గురించి ఒక మాట చెప్పి, ఇంకేదో చెప్పబోయి, మింగేసి వెళ్ళిపోయేవాడు. ఆ మింగిన మాట ఏమిటో నూకరత్నానికి తెలుసు. అందుకే మరీ కోపం. రోలుగుంటలో వాళ్ళవాళ్ళలో బి.ఏ. ప్యాసైన మొదటివాడట! అన్ని పుస్తకాలు చదివినవాడికి ఈ ఒక్క ముక్క నోట రాదా?

ఇంక తనే కదిపింది.

“శుక్రవారం నన్ను సూడ్డానికి ఎలమంచిలి నుంచి వస్తన్నారు. గుంటడికి రైల్వేలో ఉద్యోగం. నాన్న మాటిచ్చీసేలాగున్నాడు.”

పరదేశి ముఖం పాలిపోయింది. పెదవులు కదిలాయి. పాక కప్పిన తాటాకుల మీద చినుకులు టపటపమన్నాయి. నూకరత్నం ఊపిరి బిగబట్టింది.

“అయితే,” అన్నాడు చివరికి, “గుండు గురువారానికే అయిపోవాలన్నమాట.”

నూకరత్నం విసరడానికి చేతికందేదాని కోసం అటూ ఇటూ చూసింది. ఏదీ అందకపోవడం అతని అదృష్టం.

“కూకో!” అని అరిచింది. “నాన్న సీడికాడ కొండకి కర్రకోసం ఎల్లేడు. అమ్మ వంటకాడుంది. తాడు లాగడానికి ఎవలూ నేరు. నువ్వే లాగు.”

తరిమెన ఒక్కరి పని కాదు. ఒకరు తాడు లాగుతూ కర్రని గిరగిరా తిప్పాలి, ఇంకొకరు ఉలి పట్టాలి. ఆ పాకలో తాడు పట్టేది ఎప్పుడూ ఇంటిమనిషే: మొదట తల్లి నరసమ్మ, ఆపైన నూకరత్నం. బయటివాళ్ళని అక్కడ కూర్చోబెట్టడం వాళ్ళింటి వాడుక కాదు. కోపంలో ఆ సంగతి ఆమెకి గుర్తే లేదు.

పరదేశి చతికిలబడి తాడందుకున్నాడు.

“సమంగా లాగు. మొండి ఎద్దుని ఈడిసినట్టు కాదు.”

“సమంగానే లాగుతున్నానండి.”

“నన్ను సూడకు. తాడుని సూడు.”

“మిమ్మల్ని చూడటం లేదండి.”

“మరి నాను తలెత్తినప్పుడల్లా నీ కళ్ళు ఇటే ఉన్నాయేటి?”

తాడు తడబడింది. ఉలి జారి కొత్త గుండు మీద గాటు పడింది. నూకరత్నం పళ్ళు కొరుక్కుంది.

అంతలో బయట హారన్ మోగింది. నెత్తిన తువ్వాలు కప్పుకుని, వానలో తడిసిన పెదబాబు గారు కారు దిగి వచ్చారు.

“ఒరే పరదేశీ! నా గుండేదిరా? ఉత్త రాడ్డు పట్టుకుని దేవరాపల్లి నుంచి వచ్చేసరికి అరసెయ్యి కందిపోయింది!”

“ఎత్తుగా ఉందని తమరే అన్నారట కదా,” అంది నూకరత్నం.

“నానా? ఇత్తడి నట్టు ఏసిన గుండు కొలిసి పోసినట్టు కుదిరిందమ్మా! మీ నాయనకి సెప్పమని అప్పుడే కబురంపేనే.”

“ఎవలితోటి?”

“ఈడితోటే.”

పరదేశి లేచి నిలబడ్డాడు, తాడు వదలకుండానే.

“ఏ గుండులోనూ ఏ లోపమూ లేదండి,” అన్నాడు. “వంకలన్నీ నేనే పెట్టాను. ఇక్కడికి రావడానికి నాకింకో పని దొరకలేదు.”

పెదబాబు గారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ నవ్వు ఆగకముందే దాసు భుజాన కర్రల మోపుతో వచ్చాడు. కర్రలు దించాడు. పరదేశి చేతిలో తాడు చూశాడు.

“ఏటిది? మనింటి తాడు పట్టుకున్నాడేటి?”

“నానే పట్టుకోమన్నాను నాన్నా,” అంది నూకరత్నం. అన్నాక గానీ తెలియలేదు, ఎంత మాట అన్నదీ. చెవులదాకా ఎర్రబడింది.

దాసు కూతురి ముఖంకేసి చూసి, మెల్లిగా తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

“దాసూ, ఈడికి నాను పూచీ,” అన్నారు పెదబాబు గారు. “గుండు ఇసయంలో తప్ప అబద్ధమాడి ఎరగడు.”

“నాదేటుంది బాబూ. ఎలమంచిలోళ్ళకి ఇంకా మాటియ్యనేదు. ఆళ్ళ నాన్నని అడగాల.”

“అడుగుదాం, ఎక్కు. రోలుగుంట ఎంతసేపు?”

నూకరత్నం గుడ్డలోని మంచి గుండు తీసి, వానలోనే వెళ్ళి రాడ్డు మీద బిర్రుగా తిప్పి వచ్చింది. దాసు దేవుడికి దండం పెట్టుకుని రెండో సీట్లో కూర్చున్నాడు. కారు బురద చిమ్ముకుంటూ వెళ్ళిపోయింది. వంటింట్లోంచి నరసమ్మ పోపు వాసన వస్తోంది.

పరదేశి హాయిగా ఊపిరి వదిలాడు.

“బాగుంది,” అంది నూకరత్నం. “మీ పెదబాబు గారు పూచీ ఉన్నారు. మా నాన్న మీ నాన్నని అడుగుతాడు. మరి నన్నెవలడిగేరు?”

పరదేశి ఆమెకేసి తిరిగాడు. ఈసారి మాట మింగలేదు.

“నన్ను చేసుకోవడం నీకు ఇష్టమేనా, రత్నం?”

“ఇష్టం నేకపోతే,” అంది నూకరత్నం, “పొట్టిగా ఉందన్న రోజే ఆ గుండుతో నీ బుర్ర పగలగొట్టీదాన్ని.”