చక్రి గొంతు సరిచేసిన అమ్మాయి

"సిగ్నల్ బలంగానే ఉందండీ. మాటే సగం అర్థం కాలేదు. మూతికి దిండు అడ్డం పెట్టుకున్నారా?"

రేడియోలో ఆడగొంతు అలా అడిగేసరికి చక్రి చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది.

ఆదివారం పొద్దున్నే జిల్లాలోని హ్యామ్‌లు, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్లు, గాలిలో కలుసుకుంటారు. అక్కడ ఎవరి గొంతు ఎలా ఉన్నా "బ్రహ్మాండం" అనడం మర్యాద. ఆ మర్యాదను నమ్మిన చక్రి, మూతపడిన ఒక స్టూడియో నుంచి మైకూ, గొంతు సవరించే మిక్సరూ కొని రేడియోకి తగిలించాడు.

"ఇది పాటలు రికార్డు చేసే మైకండీ," అన్నాడు.

"అందుకే. గుణదలలో నేను చేసేదీ ఆ పనే. నా పేరు రుచిత."

చక్రికి కోపం రావలసింది. భయం వేసింది. నెలాఖరున వరద ప్రాక్టీసు ఉంది. కృష్ణకు నీళ్లొచ్చి ఫోన్లు పోతే లంక గ్రామాల కబుర్లు రేడియోలోనే రావాలి. వాటిని అందుకుని మళ్లీ అందరికీ చదివే కంట్రోల్ స్టేషన్ తనదే కావాలని ఆశపడుతున్నాడు. గొంతు తేటగా లేకపోతే ఎవరిస్తారు?

"ఒకసారి వచ్చి చూస్తారా?" అన్నాడు.

సాయంత్రం పటమటలో చక్రి వాళ్ల ఇంటికి రుచిత స్కూటీ మీద వచ్చింది. మిక్సర్ చూసి నవ్వింది. పాతది, నాబ్‌ల చుట్టూ అంకెలన్నీ అరిగిపోయాయి.

"గొంతు బరువు పెంచే బాస్ అంతా పెట్టేశారు. ఎకో కూడానా? బందరు కాలువను ఒక్క తూములోంచి పంపుతానంటే ఎట్టాగండీ? రేడియోలో వెళ్లేది గొంతులో మధ్య పాయ ఒక్కటే."

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, అతనిచేత ఊళ్ల పేర్లు చదివిస్తూ, ఒక్కో నాబ్ తిప్పింది. చక్రి తల్లి ఛాయాదేవి పెసరట్టు తెచ్చి, ఆ పిల్ల తినేదాకా నిలబడే ఉంది. రుచిత స్కూటీ వీధి మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే చూసింది. భర్త పోయాక ఆమెకు అదే అలవాటు. ఎవరు వెళ్లిపోతున్నా కనుమరుగయ్యేదాకా లోపలికి రాదు.

వారం తిరిగేసరికి గొంతు మళ్లీ ముద్దయింది. తన గొంతు గాలిలో ఎలా వెళ్తుందో మాట్లాడేవాడికి తెలియదు, వినేవాళ్లే చెప్పాలి. రుచిత చెప్పింది, వచ్చింది, సరిచేసింది. ఆ పై వారం కూడా అంతే.

మూడోసారి గొంతు ముద్దయి వచ్చినప్పుడు ఆమె నవ్వలేదు.

"బాస్ మళ్లీ చివరిదాకా ఉంది. దానంతటదే తిరిగిందా? నన్ను రప్పించడానికి తిప్పుతున్నారు కదూ."

"మీరు రావాల్సిన అవసరం నాకేంటండీ?"

అన్నాక నాలిక కరుచుకున్నాడు. అప్పటికే ఆమె నాబ్‌లు అలాగే వదిలేసి చెప్పులు వేసుకుంది.

ప్రాక్టీసు రోజు పది గంటలకు మొదలు. తొమ్మిదింటికి నాగాయలంక నుంచి, ప్రాక్టీసు నడిపే మరియదాసు గారు రేడియోలో పిలిచారు. "చక్రీ, గోతాంలోంచి మాట్లాడుతున్నట్టుంది బాబూ. ఇట్టయితే పది తర్వాత కంట్రోల్ ఇంకొకళ్లకి ఇచ్చేద్దాం."

ఏ నాబ్ ఎంత తిప్పాలో తెలియక చక్రి ఫోన్ తీశాడు.

"రుచిత గారూ, ఒట్టు, నేను తిప్పలేదు. మీరు రావాలని మాత్రం ఉంది. ప్రాక్టీసు లేకపోయినా ఉంది. రెండూ నిజమే."

"హెడ్‌ఫోన్స్ తీసి ఉంచండి," అంది.

ఇరవై నిమిషాల్లో వచ్చింది. నాబ్ మీద చెయ్యి వేసి, "మరెవరు తిప్పారు?" అని అడిగింది.

గుమ్మంలో ఛాయాదేవి తుడుపుగుడ్డ నలుపుతూ నిలబడింది.

"మొదటిసారి తుడుస్తుంటే తిరిగిందమ్మా. నువ్వొచ్చావు. తర్వాత తుడవకుండానే తిప్పాను."

"అమ్మా," అన్నాడు చక్రి, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

"ఏం చెయ్యమంటావురా? నీకా అడగడం చేతకాదు. మిషను బాగైతే ఆ పిల్ల ఇంకెందుకొస్తుంది?"

రుచిత పెదవి బిగపట్టి నాబ్‌ల మీదికి వంగింది. భుజాలు మాత్రం నవ్వుతో కదులుతున్నాయి. పది కాకముందే లేచి, "చదవండి," అంది.

చక్రి ముప్ఫై రెండు కబుర్లు చదివాడు. ఎన్ని పడవలు, ఎంతమంది ముసలివాళ్లు, ఎవరికి ఏ మందు. మరియదాసు గారు అన్నీ తిరిగి అప్పజెప్పారు. ఒక్క పేరు తప్పిపోలేదు.

"కంట్రోల్ నువ్వే చూసుకో బాబూ," అన్నారాయన.

రుచిత హెడ్‌ఫోన్స్ తీసి బ్యాగు అందుకుంది. ఛాయాదేవి ముందే గేటు దగ్గరికి వెళ్లి నిలబడింది.

"బాగైపోయిందిగా," అంది, నేలచూపులు చూస్తూ.

"అయిందండీ. వచ్చే ఆదివారం మా అమ్మానాన్నలను తీసుకొస్తాను. మిక్సర్ చూపించడానికి కాదు."

చక్రి వెనక నిలబడి విన్నాడు. గబగబా ముందుకెళ్లి గేటు తీశాడు.

ఛాయాదేవి ఆ రోజు స్కూటీ మలుపు తిరిగేదాకా ఆగలేదు. వంటింట్లోకి వెళ్తూనే కేకేసింది.

"ఒరేయ్, వాళ్ల నాన్నగారు కారం తింటారేమో కనుక్కో."