ఏడో నంబరు ఇంట్లో ఎవరూ లేరు

బయట మైనస్ ముప్పై డిగ్రీల చలి. పట్టణ పాలక కార్యాలయంలో మాత్రం ఉక్కపోత. డిప్యూటీ అధికారి గెన్నాది ల్వోవిచ్ కిటికీ రెక్క తీసిపెట్టుకుని మరీ కూర్చున్నాడు. అది చూడగానే ఫాయినాకు ఒళ్లు మండిపోయింది.

ఆమె ఉండే ఏడో నంబరు ఇంట్లో గదుల్ని వెచ్చబెట్టే వేడినీటి రేడియేటర్లు చల్లబడి నలభై రోజులు. మూతబడ్డ ఉక్కు ఫ్యాక్టరీ కార్మికుల కోసం కట్టిన ఇల్లది. అందర్నీ ఖాళీ చేయించామని ఈయన సంతకం పెట్టాడు, వేడి ఆపేశారు. నిజానికి పైన ఫాయినా, మంచం పట్టిన ఆమె మొగుడు తీహన్, కింద ముసలి న్యూరా అత్త మిగిలే ఉన్నారు. రోజూ ఐదింటికి న్యూరా అత్త గరిటెతో పైపు మీద మూడుసార్లు కొట్టేది, బతికే ఉన్నానని. పైనుంచి తీహన్ కూడా తన గరిటెతో బదులు కొట్టేవాడు. క్రిస్మస్ నాడు చప్పుడు లేదు. వెళ్లి చూస్తే దుప్పట్ల కింద కొయ్యలా బిగుసుకుపోయి ఉంది.

"కాగితం ప్రకారం ఆ ఇంట్లో ఎవరూ లేరమ్మా." డిప్యూటీ లావుపాటి ఉంగరంతో బల్ల మీద టక్, టక్ మని కొట్టాడు. "లేనివాళ్లకి వేడెందుకు?"

"మరి నేనెవర్ని? దెయ్యాన్నా?"

"వచ్చే వారం రండి."

"మా ఆయన అప్పటిదాకా బతకడయ్యా!"

గోడ గడియారంలో ఐదైంది. రేడియేటర్‌లోంచి... ఠంగ్. ఠంగ్. ఠంగ్.

"ప్లంబర్లు," అన్నాడతను.

మళ్లీ మూడు. గదిలో ఘాటైన గుండె మందు వాసన. న్యూరా అత్త గదిలో ఉండే వాసన. అతను విసుగ్గా లేచి రేడియేటర్ మీద చెయ్యి వేశాడు. చెయ్యి వెనక్కి రాలేదు. అతని నోట్లోంచి తెల్లగా ఆవిరి...

"చెయ్యి లాగండి," గొణిగాడు. "అమ్మా... లాగండి..."

దీపాలు ఆరాయి.

వెలిగేసరికి గదిలో అతను లేడు. కోటు కొక్కేనికే వేలాడుతోంది. కిటికీ గట్టు మీద మంచు చెదరలేదు.

ఫాయినా ఇంటికి పరుగెత్తింది. న్యూరా అత్త పోయాక ఆమె తలుపుకు వేసిన సీలు వేసినట్టే ఉంది. పైన గది వెచ్చగా ఉంది.

"సాధించావే!" తీహన్ నవ్వాడు. "ఆ డిప్యూటీని ఏం తిట్లు తిట్టావేంటి?"

ఆమె జవాబు చెప్పేలోపే కింద నుంచి చప్పుడు. గరిటెది కాదు. ఉంగరంతో. టక్, టక్... టక్, టక్, టక్...

"కిందెవరో ఉన్నారే. పాపం, బదులు కొట్టనా?"

ఫాయినా అతని చేతిలోంచి గరిటె లాక్కుంది.

"ఎవరూ లేరు," అంది.