ముప్పై ఒకటో వారం నివాళి

2081 నాటికి ఉగాది రోజున పంచాంగం వినేవాళ్లు తగ్గిపోయారు. పచ్చడి తిని చెయ్యి కడుక్కునేలోగా బ్లాగర్లందరికీ ఏడాది సరుకు దిగిపోయేది. దాన్ని దించే యంత్రం పేరు వత్సరలేఖిని. నగరంలోని సెన్సర్లు చెప్పేదీ, బ్లాగరు పాత రాతలూ, పాఠకుల అలవాట్లూ కలిపి దాని అల్గారిథం రాబోయే యాభై రెండు వారాల్లో ఏం జరుగుతుందో అంచనా కట్టేది. వారానికొక పోస్టు ముందే రాసిపెట్టేది. ఇక బ్లాగరు చెయ్యాల్సిందల్లా ఫొటో మార్చుకోవడం, కామాలు సరిచూసుకోవడం. సిగ్గుమాలిన సుఖం!

తూర్పుకొండ నగరంలో బ్లాగు నడిపే తరళ, ఉగాది వెళ్లిన మూడో వారంలో తీరిక చేసుకుని తన ముప్పై ఒకటో పోస్టు తెరిచింది. 'ఐదో నంబరు రోప్‌వే తీగ తెగి మరణించిన పదకొండు మందికి కన్నీటి నివాళి' అని ఉంది. ఆమె అక్క రోజూ ఉద్యోగానికి వెళ్లేది అందులోనే.

తరళకి ఒళ్లు మండిపోయింది. యంత్రాన్ని కనిపెట్టిన డాక్టర్ కోదండపాణి ప్రయోగశాలకి తిన్నగా వెళ్లింది.

"ఏటండీ ఇది? పదకొండు మంది పోతారని తెలిసి, నివాళి రాసీసి ఊరుకుంటారా?"

"ఊరుకోలేదమ్మా. నాలుగు వేల బ్లాగులకి పంపాం. రోప్‌వే వాళ్లకీ వెళ్లింది. వాళ్ల క్షమాపణ కూడా సిద్ధంగానే ఉంది."

"మరి తీగ మార్చరేటి?"

"నాలుగు రోజుల పని. అడిగినవాళ్లు లేరు. మా యంత్రం తీగను చూసి ప్రమాదం చెప్పలేదు, మిమ్మల్ని చూసి చెప్పింది. చదివినవాళ్లెవరూ ఏమీ చెయ్యరని దాని లెక్క."

"నేనొచ్చాను కదా! నన్ను లెక్కలో వెయ్యలేదేటి మీ దిక్కుమాలిన యంత్రం?"

ఆయన తెర ఆమె వైపు తిప్పాడు. అది ఈ వారం పోస్టు. తరళ దాన్ని చదవనే లేదు. 'సిగ్గులేని శాస్త్రవేత్తను కడిగేశాను' అని శీర్షిక. ఇప్పుడామె అన్న మాటలన్నీ పొల్లుపోకుండా అందులో ఉన్నాయి. దాని కింద నాలుగో వారానిది: ఆవకాయకి ఏ మామిడికాయ మంచిది?

"అబద్ధం!" అని అరిచింది తరళ. "ఇప్పుడే రోప్‌వే ఆఫీసుకెళ్లి కూర్చుంటాను. తీగ మార్చినదాకా కదల్ను."

"వెళ్లండి! ఐదింటికి మూసేస్తారు," డాక్టర్ గొంతు కూడా లేచింది. "ఇన్నేళ్లలో ఒక్కరైనా నా యంత్రానిది తప్పని రుజువు చెయ్యలేదు. మీరైనా చెయ్యండి తల్లీ!"

తరళ విసవిసా బయటికి నడిచింది. మెట్లు దిగుతుండగానే ఫోను మోగడం మొదలైంది. నాలుగింటికి ఆ పోస్టు దానంతటదే వెలువడింది. భలే కడిగారన్నారు పాఠకులు. మీ ధైర్యానికి జోహార్లన్నారు. ఒకడు మాత్రం ఇదంతా పేరు కోసం నాటకమని రాశాడు.

ఎంత మాట! తరళ అక్కడే మెట్టు మీద కూర్చుని వాడికి గట్టిగా సమాధానం రాసింది. వాడు తగ్గలేదు. ఈమె కూడా తగ్గలేదు. తలెత్తి చూసేసరికి ఐదున్నర.

రేపు తప్పకుండా వెళ్లాలి అనుకుంటూ తరళ వాడి తర్వాతి కామెంటు తెరిచింది.