ఊట దగ్గర విప్పిన ముడి

దసరా సెలవులకు శ్రీలత ఎన్నడూ మిర్యాలగూడ దాటి పోయింది లేదు. ఈసారి ఏకంగా స్కాట్లాండ్‌లో తేలింది. గరిడేపల్లి బడిలో సోషల్ టీచరు ఆమె. పిల్లలకు పటం మీద బెత్తంతో చూపించే దేశంలో తనే గొడుగు పట్టుకొని నిలబడితే ఆమెకే నవ్వొచ్చింది. చెల్లెలు సుమలత అక్కడ వృద్ధాశ్రమంలో నర్సు. మరిది సంతోష్‌కు గోదాంలో రాత్రి డ్యూటీ. వాళ్ళుండే ఇన్వర్‌కెల్ అనే ఊరు కోదాడలో ఒక వార్డంత కూడా ఉండదు.

“పొద్దుగాల మొదలువెడితే అన్నం టైముకు ఊరు ఖతమైతది అక్కా,” అని సుమలత ముందే చెప్పింది.

చెప్పినట్టే అయింది. పది పడవలున్న రేవు చూశారు. పక్కకు ఒరిగిన సమాధి రాళ్ళ మధ్య చర్చి చూశారు. మ్యూజియం తలుపుకు తాళం ఉంది, దాన్నీ చూశారు. చివరికి సముద్రం ఒడ్డున గుట్ట మీద కోట. కోట అంటే ఏముంది, ఒకటిన్నర గోడ మిగిలింది. దాని ముందు జనం ఫోటోలు దిగుతున్నారు.

“ఈ గోడన్నర కోసం ఇంత దూరం ఎక్కించినవా? మన పిల్లలమర్రి గుళ్ళు దీనికంటే వంద రెట్లు నయం,” అంది శ్రీలత ఆయాసపడుతూ.

నిజానికి ఆమె కోట కోసం రాలేదు, కొండల కోసం రాలేదు. చెల్లెలి కొడుకు ఆరోను కోసం వచ్చింది. వాడికి నాలుగేళ్ళు నిండినా ఒక్క మాట రాలేదు. చెవులు బాగున్నాయి, ఓపిక పట్టండి అన్నారు అక్కడి డాక్టర్లు. సుమలతకు ఆ ఓపిక ఎప్పుడో అయిపోయింది. ఫోన్ చేసినప్పుడల్లా, వాడు అమ్మా అంటే చాలక్కా, ఇంకేం వద్దు అని ఏడ్చేది. అందుకే శ్రీలత విమానం ఎక్కే ముందు ఊళ్ళో గుట్ట మీది దర్గాకు పోయి వాడి పేరున పచ్చ దారం కట్టి వచ్చింది. ఇంట్లో బైబిలు చదువుతారు, గుట్ట ఎక్కి దారమూ కడతారు. వాళ్ళ అమ్మ మరియమ్మ కాలం నుంచీ అంతే, ఎవరూ తప్పు పట్టింది లేదు.

ఆ రోజు కోట దగ్గర గోడ మీద ఒక తెల్లటి సముద్రపు పక్షి వాలింది. ఆరోను దాన్ని వేలితో చూపించి, “కాకి,” అన్నాడు.

సుమలత తడి గడ్డిలో అట్లాగే కూలబడిపోయింది. వాడి మొహం రెండు చేతుల్లో పట్టుకొని, “మళ్ళ అను బిడ్డా, ఒక్కసారి అను,” అని బతిమాలింది. వాడు మళ్ళీ అనలేదు. కానీ అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ విన్నారు. శ్రీలత సంతోషంతో కొంగు కళ్ళకద్దుకుంది.

ఆ వెంటనే గుబులు మొదలైంది. దర్గా దగ్గర ఒక పద్ధతి ఉంది. కోరిక తీరగానే పోయి ఒక ముడి విప్పాలి. వేల దారాల్లో మనది ఏదో ఎవరికి ఎరుక? చేతికి అందింది ఏదో ఒకటి విప్పితే చాలు. మనం కట్టింది ఇంకెవరో విప్పుతారు. ఆలస్యం చేస్తే మాత్రం ఇచ్చింది వాపసు పోతుందని మరియమ్మ చెప్పేది. తిరుగు ప్రయాణానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఈ తొమ్మిది రోజుల్లో వాడి నోరు మళ్ళీ మూతపడితే? కారులో కూర్చున్నదన్నమాటే గాని శ్రీలతకు కాలు నిలవలేదు.

“ఇంకొక్కటుంది,” అంది సుమలత. “అడవిల నీళ్ళ ఊట. చుట్టూ చెట్లకు జనం గుడ్డలు కడ్తరు. చూసేతందుకు ఏముండదు.”

“గుడ్డలా? ముడులేసి కడ్తరా?”

“ఆ. మన దర్గా లెక్కనే అనుకో.”

“అయితే పోనియ్యి,” అంది శ్రీలత.

అక్కడికి చేరేసరికి సాయంత్రం ఐదు దాటింది. ఆరోను వెనక సీటులో నిద్రపోయాడు. వాడిని వదిలి రాలేక సుమలత కారులోనే ఉండిపోయింది. చీకటి పడకముందే రమ్మంది.

చెట్ల కిందికి అడుగు పెట్టగానే వెలుతురు సగానికి తగ్గింది. వానాకాలంలో హాస్టల్ వరండాలో ఎండని బట్టల వాసన. ముక్కిపోయిన వాసన, తడి ఉన్ని వాసన. ఒక్క పిట్ట కూయడం లేదు. ఎక్కడో రాయి మీద నీటి చుక్కలు పడుతున్న చప్పుడు మాత్రం వస్తోంది. ఇంకొంచెం ముందుకు పోతే కొమ్మ కొమ్మకూ గుడ్డలే. మేజోళ్ళు, మఫ్లర్లు, పసిపిల్లల గౌన్లు, ఒక బడి టై. కొన్ని కొత్తవి. కొన్ని పాచిపట్టి చెట్టు బెరడులో కలిసిపోయాయి.

దేవుడు ఒక్కడే అయినప్పుడు ఏ చెట్టు ముడైతే ఏమిటి అనుకుంది శ్రీలత. కొంగు తలమీదికి కప్పుకుంది. చేతికి అందిన ముడి పట్టుకుంది. అది చిన్నపిల్లల ఉన్ని చేతితొడుగు, ఒకటే ఉంది. ఎన్నేళ్ళ కిందట కట్టారో, ముడి రాయిలా బిగుసుకుపోయి ఉంది. గోరు పెట్టిందో లేదో... దానంతటదే వదులైపోయింది.

నీటి చుక్కల చప్పుడు ఆగింది.

విప్పినదాన్ని కాళ్ళ కింద పడేయకూడదని, ఏదైనా పారే నీళ్ళలో వదలొచ్చని కోటు జేబులో పెట్టుకొని గబగబా వచ్చేసింది.

ఆమె కారెక్కేసరికి ఆరోను లేచి కూర్చున్నాడు. కళ్ళు పెద్దవి చేసి కిటికీలోంచి చెట్లనే చూస్తున్నాడు. కారు కదిలింది. ఊరి దారి పట్టాక వెనకనుంచి మాటలు మొదలయ్యాయి. ఒకటి కాదు, వరసగా. సన్నటి గొంతు, ఆగి ఆగి. తెలుగు కాదు. శ్రీలతకు తెలిసిన ఇంగ్లీషూ కాదు.

సుమలత కారు పక్కకు ఆపింది. ఆమె మొహంలో రంగు లేదు.

“ఏమంటున్నడే?” అని గుసగుసగా అడిగింది శ్రీలత.

“మా ఆశ్రమంల తొంభై ఏండ్ల ముసలోళ్ళు మాట్లాడే పాత భాష అది, ఇని ఇని నాకు జర తెలుస్తది. ‘చెయ్యి వదలకు... నీళ్ళు చల్లగున్నయ్... చెయ్యి వదలకు.’ గదే అంటున్నడు.” అప్పుడు అక్క వైపు తిరిగింది. “నువ్వు గాడ ఏం చేసినవ్?”

శ్రీలత జేబులోంచి తొడుగు తీసింది. ఇందాక కాస్త చెమ్మగా ఉన్నది ఇప్పుడు నీళ్ళు కారుతోంది.

“మొక్కు తీరిందని ఒక ముడి ఇప్పిన.”

“అయ్యో అక్కా... గీడ కోరికలు కట్టరు. వదిలించుకోవాల్సింది కడ్తరు. రోగం, నొప్పి, నిద్ర పట్టనియ్యని గొంతు... అన్నీ గుడ్డల పెట్టి పోతరు. అది కుళ్ళిపోతే పీడ పోయినట్టు. ఎవరన్న ఇప్పితే వాళ్ళకు, వాళ్ళ ఇంటోళ్ళకు తగులుకుంటది.”

“కారు తిప్పు. మళ్ళ కట్టేసి వస్త.”

సుమలత స్టీరింగు వదల్లేదు. కారూ తిప్పలేదు. వెనక ఆ గొంతు ఆగకుండా సాగుతూనే ఉంది. అద్దంలో కొడుకును చూస్తూ ఆమె, “నాలుగేండ్లకు మాట్లాడుతున్నడక్కా,” అంది. “ఎవరి మాటైతేంది?”

శ్రీలతకు చెల్లెలి మీద కోపం రాలేదు. భయం వేసింది. అంతలో వెనకనుంచి ఒక చిన్న చెయ్యి వచ్చి ఆమె మెడ మీద ఆనింది. మంచు ముక్కలా ఉంది. ఆరోను చేతులు రెండూ సీటు బెల్టు మీదే ఉన్నాయి. అది సుమలత కూడా అద్దంలో చూసింది. వెంటనే కారు తిప్పింది.

ఈసారి ఫోన్ లైటు వేసుకొని పోయింది శ్రీలత. దారి అదే. వాసన అదే. కొమ్మలు మాత్రం... ఖాళీ. గుడ్డలన్నీ నేల మీద పడి ఉన్నాయి. ఒక్క ముడి లేదు. ఆమె పైకి చూడలేదు, పక్కకు చూడలేదు. అందిన కొమ్మకు తొడుగు కట్టింది. ఊడింది. మళ్ళీ కట్టింది. మళ్ళీ ఊడింది. మూడోసారి ముడి వేస్తుంటే... తొడుగు లోపల వేళ్ళున్నాయి. చిన్నవి. ఐదు. అవి ఆమె బొటనవేలు పట్టుకున్నాయి.

“వదులు తండ్రీ,” అంది ఏడుస్తూ. “నేను మీ అమ్మను కాను. వదులు.”

కొంగు అంచు పళ్ళతో చింపి, ఆ పీలికతో తొడుగును కొమ్మకు చుట్టి ఏడు ముడులు వేసింది. పట్టు సడలింది. రాయి మీద నీటి చుక్క పడిన చప్పుడు... ఒకటి. ఇంకొకటి. వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తింది.

కారులో ఆరోను మౌనంగా ఉన్నాడు. “కాకి అను నాన్నా,” అని ఇల్లు చేరేదాకా సుమలత అడుగుతూనే ఉంది. వాడు తల్లి మొహం చూశాడు, పెదవి కూడా కదపలేదు. ఆ ఒక్క మాటా పోయింది. తన చేతులతోనే పోగొట్టానని అనుకుంది శ్రీలత.

ఇంట్లో శ్రీలత పప్పు పొయ్యి మీద పెట్టింది. సుమలత కారు తాళం చెవి తీసుకొని, “పాలు లేవు. తెస్త,” అని వెళ్ళింది.

షాపు వీధి చివరే. గంట గడిచినా ఆమె రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. సోఫాలో శ్రీలత ఒడిలో ఆరోను పడుకున్నాడు. గంటన్నర దాటాక తలుపు తెరుచుకుంది. సుమలత చేతిలో పాలు లేవు. బూట్ల నుంచి మోకాలి దాకా బురద. అక్క వైపు చూడకుండా లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

కాసేపటికి, కునుకు పట్టిన శ్రీలతకు నిద్రమత్తులో గదిలోంచి మాటలు వినబడ్డాయి. సుమలత ఏదో మెల్లగా చెబుతోంది. పిల్లాడు ఆగి ఆగి జవాబిస్తున్నాడు. శ్రీలత ప్రాణం లేచి వచ్చింది. మాట్లాడుతున్నాడు, దేవుడా, మాట్లాడుతున్నాడు అనుకుంది.

ఒడిలో బరువు కదిలింది. ఆరోను కళ్ళు తెరిచి ఆమెనే చూస్తున్నాడు. నోరు మూసే ఉంది.

గదిలో గొంతు ఆగలేదు. “వదల బిడ్డా,” అంటోంది సుమలత. “నేను వదల.”

తలుపు తెరుచుకుంది. సుమలత గడపలో నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి, మొహంలో మాత్రం ఎన్నడూ లేని నెమ్మది. కుడిచెయ్యి నడుము కిందికి వేలాడుతోంది, వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకొని ఉన్నాయి. మోచేతి దాకా తడి, మణికట్టుకు శ్రీలత కొంగు పీలిక.

“అక్కా, పప్పన్నం జర మెత్తగ కలుపు,” అంది. “ఇద్దరికి.”

ఆరోను లేచి కూర్చున్నాడు. తల్లి చేతి కింద ఖాళీగా ఉన్న చోటు వైపు కాసేపు చూశాడు. తర్వాత సోఫాలో పక్కకు జరిగి చోటిచ్చాడు.