టీచరమ్మ సీటు

చీకటి పడితే ఆ షెడ్డు ముందు నుంచి ఎవరూ నడవరు. పాత కార్లు బాగుచేసే వీధిలో అది చిట్టచివరిది. రేకుల కప్పు, సగం దిగి ఇరుక్కుపోయిన షట్టరు. లోపల మూలకి ఒక పాతకాలం కారు, దాని మీద టార్పాలిన్. వీధి దీపాలు వెలిగే వేళకి ఆ టార్పాలిన్ కింద నుంచి చప్పుడొస్తుంది.

కిర్ర్...

తర్వాత కాసేపు ఏమీ ఉండదు. ఊపిరి బిగబట్టి నిలబడగలిగినంతసేపు.

టక్.

అంతే. రోజుకి ఒక్కసారి. మూడేళ్ళలో ఒక్క రోజు కూడా తప్పలేదట.

టీచరమ్మ సీట్లోంచి లేస్తోంది — అనేవారు వీధిలోవాళ్ళు. ఆ మాట కూడా గొంతు తగ్గించే అనేవారు.

ఇది నేను చూసింది కాదు. ఆ షెడ్డు మేస్త్రి భార్య నాకు చెప్పింది. మా పిల్లల స్కూలు బయట ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం. ఇప్పుడావిడ ఆ ఊళ్ళో ఉండదు. ఆవిడ చెప్పిన వరసలోనే చెబుతున్నాను. నాకు తెలియనిది ఒక్క ముక్క కూడా కలపలేదు.

టీచరమ్మ అంటే రిటైరైన లెక్కల టీచరు. ఆ కారు పోయిన భర్తది. వెనక్కి వాలే డ్రైవరు సీటు తుప్పుపట్టి బిగుసుకుపోతే మేస్త్రి దగ్గరికి తెచ్చింది. అలాంటి సీటుకి రెండు పక్కలా పళ్ళ చక్రాలుంటాయి. పళ్ళ మధ్య ఒక కొక్కెం దిగి, వీపు భాగం జారిపోకుండా పట్టుకుంటుంది. రెండు పక్కలా పట్టుకుంటేనే మనిషి బరువు ఆగుతుంది. ఆ కొక్కేన్ని లోపలికి నొక్కి ఉంచేది ఒక స్ప్రింగు. కుడిపక్క మేస్త్రి తీసుకున్నాడు, ఎడమపక్క ఆయన బావమరిది. కిరోసిన్‌లో నానబెట్టడం, వైర్ బ్రష్‌తో రుద్దడం, ఒక్కో పన్నూ ఆకురాయితో సరిచేయడం... పది రోజుల పని.

బండి ఇచ్చిన నాలుగో రోజు ఎత్తు రోడ్డు ఎక్కుతుంటే సీటు ఒక్కసారిగా వెనక్కి పడిపోయింది. టీచరమ్మ చేతులకి స్టీరింగు అందలేదు. కారు వెనక్కి దొర్లి గోడకి కొట్టుకుంది. ఆవిడ అక్కడికక్కడే పోయింది. (వెనక సీట్లో పిల్లలెవరైనా ఉన్నారా అని నేనడిగాను. లేరట.)

ఆ సాయంత్రం మేస్త్రి వీధి మధ్యలో నిలబడి అన్నాడు — నా బావమరిది తుప్పు తీయకుండా నల్లరంగు కొట్టి కప్పేశాడు అని.

బావమరిది అవుననలేదు, కాదనలేదు. సంచి భుజాన వేసుకున్నాడు.

"నా గడప మళ్ళీ తొక్కకు రా," అంది అక్క. అన్నది ఎవరో కాదు, నాకు ఈ కథ చెప్పినావిడే.

దెబ్బతిన్న కారుని షెడ్డుకే లాక్కొచ్చి పెట్టారు, టీచరమ్మ కూతురు దానికి తాళం వేసి తాళంచెవి తీసుకుపోయింది. మూడేళ్ళ తర్వాత ఒకరోజు సాయంత్రం ఆ తాళంచెవి ఒక మనిషి చేత పంపింది. కారు అమ్మేసిందట. కొన్నవాళ్ళు పొద్దున్నే లారీతో వస్తారు, ఈలోగా సీటు పనిచేయాలి. పనివాళ్ళలో ఒకడికి జ్వరం, ఒకడికి కడుపునొప్పి. మేస్త్రి ఒక్కడే బయల్దేరాడు. భార్య టార్చిలైటు పట్టుకుని వెనకే వెళ్ళింది.

"నువ్వెందుకు? ఇంటికి పో."

"ఒక్కరే ఎలా చేస్తారు? లైటు పట్టుకుంటాలెండి."

"దెయ్యం నన్నెత్తుకుపోతుందనా?"

"మిమ్మల్నా... ఎత్తుకుపోయినా పొద్దున్నకల్లా తెచ్చి దింపేస్తుంది."

ఆయన నవ్వలేదు.

షట్టరు కింద నుంచి వంగి లోపలికి వెళ్ళారు. టార్పాలిన్ లాగారు. కారు తలుపు తెరుచుకోగానే నానిన గుడ్డ వాసన. డ్రైవరు సీటు సగం వాలి ఉంది... ఎవరో ఇప్పుడే కునుకు తీసి దిగినట్టు.

కిర్ర్...

ఆమె లైటు సీటు మీదికి తిప్పింది.

టక్.

సీటు వీపు రవ్వంత ముందుకి అదిరి ఆగింది. ఆమె కళ్ళారా చూసింది.

మేస్త్రి మాత్రం ఉలిక్కిపడలేదు. "రేకులు చల్లబడుతున్నాయి," అన్నాడు చిన్నగా. "పగటి ఎండకి ఇనుము సాగి కొక్కెం పన్ను అంచు మీదికెక్కుతుంది. చల్లబడ్డాక జారుతుంది. అంతే."

ఆమెకి పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. మూడేళ్ళ భయం ఇంతేనా...

ఆ వెంటనే అనుమానం వచ్చింది. సరిగ్గా దిగిన కొక్కెం జారకూడదు కదా?

లైటు ఎడమపక్కకి తిప్పింది. తమ్ముడు కొట్టిన నల్లరంగు. గోటితో గీకింది. కింద తెల్లగా మెరిసింది. ఇంకోచోట గీకింది. అక్కడా మెరుపే. తుప్పు రవ్వంత కూడా లేదు.

"లైటు ఇటు పట్టు," అన్నాడు మేస్త్రి. అప్పటికే కుడిపక్క మూత విప్పేశాడు. తన వీపు అడ్డంపెట్టి పట్టకారు లోపలికి పోనిస్తున్నాడు.

ఆమె అటు వెళ్ళింది. ఆయన భుజం మీదుగా తొంగి, కొక్కెం వెనక స్ప్రింగు చూసింది.

ఆ స్ప్రింగులు విడదీసి ఉంచేది ఆమే. అన్నం తిన్నాక కూర్చుని, ఎడమవి ఒక డబ్బాలో, కుడివి ఒక డబ్బాలో వేసేది. ఎడమదాని చుట్ట ఒక దిక్కుకి తిరుగుతుంది, కుడిదాని చుట్ట ఇంకో దిక్కుకి. కళ్ళు మూసుకుని కూడా చెప్పగలదు.

"అది ఎడమవైపుదండీ."

ఆయన పట్టకారు ఇంకాస్త లోపలికి తోశాడు.

"ఎడమది ఇటు వేస్తే కొక్కెం సగమే దిగుతుంది. ఇటుపక్క... మీరు కదా చేశారు?"

పట్టకారు ఆగింది. ఆయన గొంతు వినిపించింది, ఎంతో మెత్తగా.

"నువ్వే డబ్బాలు కలిపేసి ఉంటావు."

ఆమె తలుపు పట్టుకుని నిలబడింది. టీచరమ్మ చెరుకు రసం రంగు చీర, కళ్ళజోడు తాడు, పనివాళ్ళని కూడా మీరు అనే అలవాటు... అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"ఎవరికీ చెప్పనులే," అన్నాడాయన. "ఇప్పుడే మార్చేస్తాను. అరనిమిషం పని."

"ఆగండి."

"ఏంటి?"

"దాన్ని ముట్టుకోకండి."

ఆమె ఫోన్ తీసింది. తమ్ముడి నంబరు మూడేళ్ళుగా అలాగే ఉంది, తీసేయలేకపోయింది. నాలుగుసార్లు మోగింది. అవతల ఎక్కడో రేకు మీద సుత్తి దెబ్బలు.

"ఎవరూ?"

"నేను రా... అక్కని."

సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"నీ పక్క తుప్పు లేదు రా. ఇప్పుడే చూశాను. కుడిపక్క ఎడమ స్ప్రింగు ఉంది. నేనే డబ్బాలు కలిపేశాను. నావల్లే ఆవిడ... నిన్ను అనరాని మాట అన్నాను..."

మేస్త్రి చీకట్లోంచి, "పెట్టెయ్యి," అన్నాడు. "ముందు ఆ ఫోను పెట్టెయ్యి."

అవతల తమ్ముడు గొంతు తగ్గించాడు.

"నీ డబ్బాల్లో తప్పు లేదక్కా."

"మరి?"

"ఆ రోజు కుడివి అయిపోయాయి. బావ మూల పడున్న సీట్లోంచి ఎడమది పీకి వేశాడు. తెలిసే వేశాడు. నేను చూసి చెప్పాను... బండి ఇవ్వకముందే చెప్పాను."

ఆమె లైటు మేస్త్రి మొహం మీదికి తిప్పింది. ఆయన కళ్ళు చిట్లించాడు గానీ తల పక్కకి తిప్పుకోలేదు.

"ఆవిడ బయట నిలబడి ఉందక్కా. మూడుసార్లు తిప్పి పంపాం అప్పటికే. ఒక్క వారం నడవనీ, కుడిది రాగానే పిలిచి మార్చేద్దాం అన్నాడు బావ."

"నువ్వేమన్నావు?"

ఫోను తెగిపోయిందేమో అనుకుంది. చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది. ఊపిరి వినిపిస్తోంది.

"ఒరేయ్... నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదక్కా. ఆవిడ కూర్చున్నాక సీటు సర్ది, తలుపు వేసింది నేనే."