లోపలి గడియ

శనివారం పొద్దున్నే మార్లిస్ కొస్కెలా మాంసం కూరి కాల్చే పేస్టీలకు పిండి పిసుకుతూ, వంటింటి కిటికీలోంచి మొగుణ్ణి కొరకొరా చూస్తోంది. వెర్నన్ పెరట్లో తన ట్రైలర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తలుపు అడుగంచు గుడ్డతో రుద్దుతున్నాడు. చీమ తప్ప ఎవరూ చూడని చోటది. చర్చిలో కూడా ఆయన అంతసేపు మోకాళ్ళ మీద ఉన్న పాపాన పోలేదు.

"కాఫీ చల్లారిపోతోంది!" అని కిటికీలోంచే కేకేసింది.

"చల్లారనీ."

"పిల్ల వచ్చే వేళైంది. ఆ నూనె చొక్కా మార్చుకుని చావు. నువ్వు చూడబోయేది నీ కూతుర్ని, పాత సామాన్లు కొనేవాణ్ణి కాదు."

వెర్నన్ తల తిప్పలేదు. "ఈ మూల ఒక్కటీ అయిపోతే వస్తా," అన్నాడు. నాలుగేళ్ళుగా ఆ మాటే చెబుతున్నాడు. ఆ మూల అయితే ఇంకో మూల.

ఆ ట్రైలర్ వెర్నన్ తండ్రి కొన్నది. బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల గది. రెండు పడకలు, చిన్న పొయ్యి, అంచులు గుండ్రంగా తిరిగిన అల్యూమినియం రేకు ఒళ్ళు. కూతురు కరీన్ చిన్నప్పుడు ప్రతి వేసవిలోనూ దాన్ని సరస్సు ఒడ్డుకి లాక్కెళ్ళి చేపలు పట్టుకునేవాళ్ళు. తరవాత అది పెరట్లోనే పడి, వానకీ మంచుకీ లోపల్లోపల పుచ్చిపోయింది. కాగితం మిల్లులో ఉద్యోగం ముగిసిన మర్నాడే వెర్నన్ దాని రేకు విప్పాడు. లోపలి కర్ర పిడికిళ్ళ కొద్దీ రాలింది.

వేరేవాడైతే ఆ పుచ్చు కర్రనంతా తగలబెట్టి చలి కాచుకునేవాడు. ఈయన ఒక్క ముక్క పారేయలేదు. ప్రతి పుచ్చు ముక్కనీ కొత్త చెక్క మీద పరిచి, చుట్టూ పెన్సిలుతో గీత గీసి, ఆ గీత వెంబడే కోశాడు. "పుచ్చిందే కదా దారి చూపించేది. అది లేకపోతే అసలు ఆకారం ఎవడికి తెలుస్తుంది?" అనేవాడు. పాత కర్రలతో గరాజు నిండిపోయింది, కారేమో మంచులో నిలబడింది. మార్లిస్ చేత పాత రంగు పరదాలే మళ్ళీ కుట్టించాడు. తలుపు గడియ కోసం రెండేళ్ళు వెతికి, ఐయోవా రాష్ట్రంలో ఎవరో ముసలావిడ దగ్గర అదే తయారీది సంపాదించాడు.

ఇదంతా ఎవరి కోసమో ఆయన నోరు విప్పి చెప్పలేదు. మొన్న ఆగస్టులో ఉన్నట్టుండి ఫోను తీసి, పదకొండేళ్ళుగా పేరెత్తని కూతురికి తనే చేశాడు. "ట్రైలర్ బాగయింది. అది నీకే. వచ్చి పట్టుకెళ్ళు," అని పెట్టేశాడు. వెర్నన్ కొస్కెలా నోట 'తప్పయింది' అన్న మాట వస్తే ఇంత కన్నా బాగా రాదని మార్లిస్‌కి తెలుసు. సామాన్ల గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చింది.

పదకొండేళ్ళ కిందట జరిగిందేమిటంటే, కరీన్ నర్సు చదువు మధ్యలో వదిలేసి అక్టోబరులో ఇంటికొచ్చింది. పడవలు బాగుచేసే షెడ్డులో పనికి కుదిరాననీ, ఇక కాలేజీ గుమ్మం తొక్కననీ చెప్పింది. "నా కప్పు కింద ఉన్నంత కాలం నా మాట వినాలి," అన్నాడు తండ్రి. "అయితే ఆ ట్రైలర్ కప్పు కింద ఉంటాలే," అంది కూతురు. "పో, ఉండు," అన్నాడు. తండ్రికి తగ్గ కూతురు. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు ఇద్దరికీ లేదు. రెండు రోజుల్లో అంతా సర్దుకుంటుందిలే అనుకుంది మార్లిస్. వారాలు గడిచాయి, మంచు పడింది. రోజూ సాయంత్రం మార్లిస్ సూపు గిన్నె పట్టుకెళ్ళి ట్రైలర్ మెట్టు మీద పెట్టేది. పిల్ల ఏదైనా అనబోతే "మెల్లగా, నాన్న వింటాడు," అని గుసగుసలాడేది. వెనక్కొస్తూ వరండా దీపం ఆర్పేసేది. నవంబరులో జింకల వేట కాలం వచ్చింది, వెర్నన్ అడవిలో గుడిసెకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ట్రైలర్ ఖాళీ.

ఆ తరవాత ఏటా క్రిస్మస్‌కి ఒక కార్డు, అంతే. పెళ్ళయిందని కార్డులోనే తెలిసింది. కూతురు పుట్టిందనీ, పేరు ఆని అనీ కార్డులోనే తెలిసింది. ఆనికి ఇప్పుడు ఆరేళ్ళు. ఫ్రిజ్ తలుపు మీద ఫోటోలో పళ్ళూడిన నోటితో నవ్వుతూ ఉంటుంది. మార్లిస్ రోజూ ఆ ఫోటోని తుడుస్తుందే గానీ, పిల్లని ఒక్కసారైనా ఎత్తుకున్నది లేదు.

ఆ పిల్ల ఈవేళ ఇదే ఊళ్ళో, పెట్రోలు బంకు పక్క హోటల్లో, తండ్రితో కూర్చుని ఉంది. "ముందు నేనొక్కదాన్నే వస్తా," అంది కరీన్ ఫోనులో. "వచ్చి చూస్తా. ఆనిని తేవాలో వద్దో అప్పుడు చెప్తా." ఆ 'అప్పుడు' అన్న మాట వారం రోజులుగా మార్లిస్‌కి ముద్ద దిగనివ్వలేదు. తనేం తప్పు చేసిందని? చేసిందంతా ఈ మొండిఘటం. నేనే గనక లేకపోతే ఆ పిల్ల ఆకలితో మాడిపోయేది అని చర్చిలో ఆడవాళ్ళకి ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్కలేదు.

కారు వచ్చి ఆగింది. కరీన్ దిగింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, భుజాలు గట్టిపడ్డాయి. మార్లిస్ పిండి చేతులతోనే పరుగెత్తుకెళ్ళి వాటేసుకుంది. కరీన్ నిలబడి వాటేసుకోనిచ్చింది, అంతే.

"వచ్చావా," అన్నాడు వెర్నన్.

"వచ్చా."

"రా, చూద్దువుగాని." చొక్కా మార్చుకోనే లేదు. ముఖం మాత్రం వెలిగిపోతోంది. "ఇదుగో, ఈ కిటికీలు. ఇదుగో, మీ తాత కొట్టించిన ఆకుపచ్చ గీత. లోపల చూడు. పడకలూ, అల్మారా, అంతా పాత చెక్క కొలతే. అంగుళం తేడా వస్తే నన్నడుగు."

కరీన్ మెట్టు ఎక్కలేదు. బయట నిలబడే తల లోపలికి పెట్టి చూసింది. పరదాలు చూసింది, ఎడమవైపు పడక చూసింది.

"అంతా అలాగే ఉంది," అంది.

"అలాగే!" అన్నాడు వెర్నన్ పొంగిపోతూ. "అచ్చం అలాగే!"

"గడియో?"

"అదీ పాతదే. అసలు ఆ గడియ కథ వింటే..."

"లోపల్నుంచి పడుతుందా?"

"ఏంటి?"

"గడియ నాన్నా. లోపల్నుంచి పడుతుందా?"

వెర్నన్ నవ్వాడు. "వీటికి లోపలి గడియ ఉండదమ్మాయ్. తయారుచేసినవాళ్ళే పెట్టలేదు. ఇప్పుడు మనం పెడితే అసలుది కాకుండా పోతుంది."

"తెలుసు," అంది కరీన్. "నాకు తెలీదా? గాలి కొట్టినప్పుడల్లా తెరుచుకునేది. చచ్చిపోయిన మన కుక్క గొలుసుంది చూడు, అది తలుపుకి కట్టి, రెండో కొస చేతికి చుట్టుకుని పడుకునేదాన్ని. గాలి లాగినప్పుడల్లా మెలకువ వచ్చేది. గాలో మనిషో తెలిసేది కాదు."

వెర్నన్ చేతిలో గుడ్డ కిందపడింది. "నాకెవరూ చెప్పలేదే," అన్నాడు.

"నువ్వడిగావా?"

"నువ్వే పోయావు."

"పొమ్మంటే పోయాను."

"వెనక్కొస్తావనుకున్నా."

"పిలుస్తావనుకున్నా!" కరీన్ గొంతు పెరట్లో మారుమోగింది. "నాలుగేళ్ళు కూర్చుని, ముక్క ముక్కా కొలిచి, నేను చలికి వణికి చచ్చిన చోటుని అచ్చు గుద్దినట్టు మళ్ళీ కట్టావు. పైగా నాకే ఇస్తానంటున్నావు. నీకు మతి ఉందా నాన్నా? నా కూతుర్ని ఇందులో పడుకోబెట్టాలా?"

మార్లిస్ ఇక ఆగలేకపోయింది. పదకొండేళ్ళుగా ఈ రోజు కోసమే కాచుక్కూర్చున్నట్టు ముందుకు దూకింది. "బాగా అడిగావే! నేను మొత్తుకుంటూనే ఉన్నా. ఈయనది గుండె కాదు, బండరాయి. కన్నపిల్లని మంచులో..."

"నువ్వు మాట్లాడకమ్మా."

"నేనా? నేనేం చేశానే? రోజూ సూపు..."

"సూపు!" కరీన్ తల్లి వైపు తిరిగింది. "నాన్న సంగతి వదిలెయ్. పో అన్నాడు, నిలబడ్డాడు, ఏడ్చాడో చచ్చాడో. నువ్వు మాత్రం గోడమీద పిల్లివి. ఇటు గిన్నె పెట్టి, అటు దీపం ఆర్పి. ఆయన వేటకెళ్ళిన రోజు గుర్తుందా? పొద్దున్నే ఆయన బండి పోవడం ఈ కిటికీలోంచే చూశా. హమ్మయ్య, అమ్మ ఇప్పుడొచ్చి లోపలికి రమ్మంటుంది అనుకున్నా. బూట్లేసుకుని కూర్చున్నానమ్మా. ఇంట్లో నువ్వొక్కదానివే. నువ్వు వచ్చావు, సూపు మెట్టు మీద పెట్టావు. ఇంట్లో ఎవడూ లేని రోజు కూడా 'మెల్లగా, నాన్న వింటాడు' అన్నావు. అప్పుడు తెలిసింది నాకు. ఆ మర్నాడే పోయాను."

మార్లిస్ నోరు తెరిచింది. భయమేసిందని చెప్పబోయింది. అన్నేళ్ళుగా తనకి తను చెప్పుకున్నది అదే. వెర్నన్ ఆ రోజు ఎక్కడో అడవిలో ఉన్నాడు, ఎవరికి భయం? పిండి చేతులు ఎప్రన్‌కి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది.

"నీకు బుద్ధి రావాలనుకున్నా," అంది చివరికి. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "నర్సునవుతానని నేను మా నాన్న కాళ్ళు పట్టుకున్నా, చదివించలేదు. ఆ చదువు నీ చేతికొస్తే తన్నేసి వచ్చావు. నాకూ ఒళ్ళు మండింది. ఇంకో నాలుగు రోజులు చలిలో ఉంటే దారికొస్తావనుకున్నా. నేనే అనుకున్నానే. ఆయన కాదు."

వెర్నన్ పెళ్ళాం ముఖంలోకి చూశాడు.

"ఆ రోజు వేట నుంచి వస్తూ దారంతా ఒకటే అనుకున్నా," అన్నాడు మెల్లగా. "నేను లేనప్పుడు నువ్వు దాన్ని ఇంట్లోకి తెచ్చేసి ఉంటావనుకున్నా. వంటింట్లో ఇద్దరూ కూర్చుని ఉంటారు, ఏమీ ఎరగనట్టు నా కుర్చీలో కూర్చుని తినేద్దాం అనుకున్నా. అందుకే కదే ఇంకో రోజు ఎక్కువ ఉండి వచ్చా."

మార్లిస్ అలాగే మెట్టు పక్కన చతికిలబడింది. మొగుడి మీద నేరం మోపి తను ఇన్నాళ్ళూ హాయిగా నిద్రపోయింది. ఆ మొండిఘటమేమో తన మీదే నమ్మకం పెట్టుకుని అడవిలో కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా ఆడపిల్ల చేతికి కుక్క గొలుసు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? వెక్కి వెక్కి ఏడ్చింది. కరీన్ వచ్చి ఓదార్చలేదు, కారు తాళాలు చేతిలోకి తీసుకుంది.

వెర్నన్ గరాజు వైపు నడిచాడు. తిరిగొచ్చినప్పుడు ఒక చేతిలో డ్రిల్లు, ఇంకో చేతిలో నల్లటి ఇనప గడియ. పాత షెడ్డు తలుపు నుంచి ఊడదీసింది, తుప్పు కూడా వదల్లేదు. లోపలికెక్కి, అద్దంలా పాలిష్ చేసిన ఆ కొత్త తలుపు మీద డ్రిల్లు ఆనించాడు.

"అయ్యో, పాడైపోతుంది," అంది మార్లిస్ అలవాటు కొద్దీ.

"పాడవనీ."

డ్రిల్లు అరిచింది. నాలుగేళ్ళ పాటు గోరు తగలనివ్వని చెక్కలోంచి పొట్టు రాలింది. వెర్నన్ వేసిన ఒక రంధ్రం పక్కకి పోయింది. ఆ పక్కనే ఇంకొకటి వేశాడు. మరలు బిగించి, కిందికి దిగి, కూతురి కళ్ళలోకి చూడకుండా అన్నాడు: "పడుతుందేమో చూడమ్మా."

కరీన్ చాలాసేపు ఆ వికారమైన గడియ కేసి చూసింది. తరవాత మెట్టెక్కి లోపలికి వెళ్ళి తలుపు మూసింది. గడియ పడిన చప్పుడు గట్టిగా వినబడింది. కాసేపటికి లోపల్నుంచి ఏడుపు వినబడింది. వెర్నన్ ఆ ఏడుపు వినలేక దూరంగా పోయి, కంచె పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

మార్లిస్ లేచింది. కాళ్ళు వాటంతటవే వంటింటి వైపు నడిచాయి. పొయ్యిలో మొదటి వాయి పేస్టీలు అయిపోయి ఉంటాయి, రెండు పళ్ళెంలో పెట్టి తెచ్చి ఆ మెట్టు మీద... సగం దూరం పోయాక ఠక్కున ఆగిపోయింది. సిగ్గుతో చచ్చిపోయింది. వెనక్కొచ్చి, అరచేత్తో తలుపు దబదబా బాదింది.

"కరీనూ! ఇంట్లోకి రావే!"

లోపల ఏడుపు ఆగింది. తరవాత కరీన్ గొంతు వచ్చింది, చేదుగా, ఎగతాళిగా: "మెల్లగా అమ్మా. నాన్న వింటాడు."

"విననీ!" అంది మార్లిస్. "ఊరంతా విననీ. తప్పు చేశానే తల్లీ. ఇంట్లోకి రా!"

కంచె దగ్గర వెర్నన్ ఇటు తిరిగాడు. గడియ మెల్లగా జరిగింది. కరీన్ కళ్ళు తుడుచుకుంటూ మెట్టు దిగింది. తల్లిని వాటేసుకోలేదు, తండ్రి వైపు చూడలేదు. "ఒక్క పూటే. తినేసి వెళ్ళిపోతాం," అంది. "ఈ ట్రైలర్ నాకొద్దు. ఇక్కడే ఉండనీ."

"సరే," అన్నాడు వెర్నన్.

"ఆ గడియ మాత్రం తియ్యకు."

"తియ్యనమ్మా."

కరీన్ ఫోను తీసి మొగుడికి చేసింది. "ఆనిని తీసుకొచ్చెయ్," అంది. అవతల ఆయనేదో అడిగాడు. ఆమె ఒకసారి ట్రైలర్ వైపూ, ఒకసారి వంటింటి తలుపు వైపూ చూసింది.

"కాదు, ట్రైలర్ దగ్గరికి కాదు. ఇంటికి."